సర్వీసు నుంచి రాగానే టర్బో కారు పొగ వదిలితే: షోరూమా, బయటి మెకానిక్కా? ఏది మేలు?

ఈ మధ్య నన్ను నలుగురైదుగురు ఇదే అడిగారు. కారు సర్వీసుకు వెళ్లేటప్పుడు బాగానే ఉంది, తిరిగొచ్చిన మర్నాటి నుంచి సైలెన్సర్ పొగ కక్కుతోంది. మళ్లీ ఆ షోరూముకే తీసుకెళ్లాలా, తెలిసిన మెకానిక్‌కు చూపించాలా అని. జనవరిలో నా కారుకూ ఇదే జరిగింది. అప్పుడు నేనేం చేశానో, ఎందుకు చేశానో చెబుతాను.

నాది డీజిల్ బండి, ఎనిమిదేళ్లది. సర్వీసు చేయించిన రెండో రోజు తిరుమలకు బయలుదేరాం. అలిపిరి తనిఖీ దగ్గర వరుస బాగా పెద్దది. ఇంజను ఆపకుండా చాలాసేపు నిలబడ్డాం. అక్కడి నుంచి కదిలి, ఘాట్ మొదట్లో రెండో గేరులో యాక్సిలరేటర్ తొక్కానో లేదో, అద్దంలో నీలిరంగు పొగ. వెనక బైకు మీద వస్తున్నాయన భుజం మీది తువ్వాలు ముక్కుకు అడ్డం పెట్టుకున్నాడు. కొండ దిగి వచ్చాక ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మర్నాడు షోరూములో బానెట్ ఎత్తకుండానే తీర్పు చెప్పేశారు. ‘టర్బో సీలు పోయింది సార్, మార్చాల్సిందే. అరవై వేల దాకా అవుతుంది.’ టర్బో అంటే సైలెన్సర్‌లోకి పోయే పొగ ఊపుతో తిరుగుతూ ఇంజనులోకి గాలిని ఒత్తి పంపే చక్రం, దానిలోని ఆయిలు బయటికి రాకుండా ఆపేది సీలు. అక్కడే నిలబడి, ఇంజను ఆయిలు మట్టం చూసే పుల్లను, అదే డిప్‌స్టిక్‌ను, నేనే లాగి చూశాను. దాటకూడని పై గీతకు వేలెడు ఎత్తున ఉంది ఆయిలు. జేబులోంచి బిల్లు తీసి చూస్తే నాలుగు లీటర్లు పోసినట్టు రాసి ఉంది. నా బండి మాన్యువల్ ప్రకారం ఫిల్టరుతో కలిపి పట్టేది మూడు లీటర్ల పైన కొద్దిగా మాత్రమే.

ఎక్కువ పోస్తే ఏమవుతుంది? ఇంజను అడుగున తిరిగే ఇరుసు, అదే క్రాంకు షాఫ్టు, ఆ ఆయిలును చిలికి నురగ చేస్తుంది. ఆ తుంపర, ఇంజను లోపలి ఆవిర్లు బయటికి పోయే బ్రీదర్ పైపు గుండా టర్బో ముందున్న గాలి పైపులోకి, అక్కడి నుంచి సిలిండర్లలోకి వెళ్లి కాలుతుంది. ఇది ఒక దారి. రెండోది చాలామందికి తెలియదు. టర్బో షాఫ్టు నిమిషానికి లక్షకు పైగా చుట్లు తిరుగుతుంది. దాని సీళ్లు మనం అనుకునే రబ్బరు సీళ్లు కావు, సన్నని ఇనుప రింగులు. టర్బోలోకి వచ్చిన ఆయిలు ఎప్పటికప్పుడు తన బరువుతో తానే కిందికి జారిపోతూ ఉంటేనే అవి పని చేస్తాయి. ఇంజను కింద ఆయిలు నిలిచే చాంబరులో మట్టం పెరిగినా, లోపల ఒత్తిడి పెరిగినా ఆ ఆయిలుకు దిగే దారి ఉండదు. సీలు పక్క నుంచి బయటికి తోసుకొస్తుంది. అంటే టర్బో నిక్షేపంగా ఉన్నా టర్బో పోయినట్టే పొగ వస్తుంది. అలాంటి చోట కొత్త టర్బో బిగిస్తే, మర్నాడు అదీ పొగ వదులుతుంది.

పొగ రంగుల గురించి మరీ వివరంగా వెళ్లను. ఒక్క మాట మాత్రం చెబుతాను. నిన్నటిదాకా లేని పొగ సర్వీసు మర్నాడే వచ్చిందంటే, ఆ రోజు చేతులు పడిన చోట్లనే మొదట అనుమానించాలి. నీలి పొగైతే ఆయిలు కాలుతోందని అర్థం, ముందు ఆయిలు మట్టం చూడాలి. నల్ల పొగ, దానితో పాటు బండి లాగకపోవడం ఉంటే ఎయిర్ ఫిల్టరు పెట్టె సరిగ్గా కూర్చోలేదేమో, టర్బో నుంచి వచ్చే గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్ పైపు క్లిప్పు ఊడిందేమో చూడాలి. తొక్కినప్పుడు బుస్సుమనే శబ్దం వస్తే ఆ క్లిప్పే. తెల్ల పొగ వేడెక్కాక కూడా ఆగక, ఇంజనును చల్లబరిచే కూలెంటు తగ్గుతూ ఉంటే వ్యవహారం పెద్దది, బండి నడపకండి. చలికాలం పొద్దున రెండు నిమిషాలు కనిపించేది ఆవిరి, దానికి కంగారు అక్కర్లేదు.

ఇక అసలు ప్రశ్న. బయటి మెకానిక్ వైపు చెప్పుకోవలసింది చాలా ఉంది. అనుభవం ఉన్నవాడు గాలి పైపు విప్పి, టర్బో చక్రాన్ని రెండు వేళ్లతో పట్టుకుని కదిపి చూస్తాడు. పక్కలకు కొద్దిగా ఊగడం మామూలే, ఎందుకంటే ఆ బేరింగు ఆయిలు పొర మీద తేలుతూ ఉంటుంది. ముందుకూ వెనక్కూ కదిలినా, రెక్క గోడకు రాసుకుంటున్నా టర్బో నిజంగానే పోయిందని లెక్క. ఇందులో దాపరికం ఉండదు, మన కళ్లెదుటే చేస్తాడు. షోరూములో తప్పు చేసిన చెయ్యీ తప్పు వెతికే చెయ్యీ ఒకటే, పైగా బాగుచేయడం కన్నా మార్చడమే వాళ్లకు సులువు.

అయినా నేను ముందు షోరూముకే వెళ్లమంటాను. కారణం ఒక్కటే: ఆధారం. ఎక్కువైన ఆయిలే మన చేతిలో ఉన్న సాక్ష్యం. మంచి మెకానిక్ అయితే మొదట చేసే పని దాన్ని దించేయడం. బండి బాగవుతుంది, సాక్ష్యం పోతుంది. నెల తర్వాత ఇంజనులో ఇంకేదైనా వస్తే ‘బయట చెయ్యి పడింది సార్’ అన్న మాట వినాల్సి వస్తుంది. వారంటీ ఉన్న బండికైతే ఇది మరీ ప్రమాదం.

అందుకని ఎవరి దగ్గరికైనా వెళ్లేముందు పొద్దున్నే ఇంట్లో ఒక పని చేయండి. బండిని చదునైన చోట నిలిపి, ఇంజను వేడెక్కాక ఆపి, పది నిమిషాలు ఆగి, డిప్‌స్టిక్ తుడిచి ముంచి తీయండి. గీతలు, ఆయిలు మట్టం కనిపించేలా ఫొటో తీసి, పక్కనే సర్వీసు బిల్లు పెట్టి ఇంకో ఫొటో తీయండి. డీపీఎఫ్, అంటే పొగలోని మసిని పట్టే ఫిల్టరు ఉన్న డీజిల్ బండ్లలో చిన్న చిన్న దూరాలే తిరిగితే డీజిల్ కారి ఆయిలు మట్టం దానంతటదే పెరుగుతుంది. కానీ దానికి కొన్ని వారాలు పడుతుంది, రెండు రోజుల్లో వేలెడు పెరగదు.

నేను షోరూములోనే అలాంటి ఫొటోలు తీసి చూపించి, టర్బో సంగతి తర్వాత, ముందు ఆయిలు పై గీత దాకా దించండి అన్నాను. ఫోర్‌మన్ నా ఎదుటే కొలత డబ్బాలోకి దించాడు. ఎనిమిది వందల మిల్లీలీటర్లు. ఆ అంకెను జాబ్ కార్డు మీద రాయించుకున్నాను.

పొగ వెంటనే ఆగలేదు. ఇక్కడే చాలామంది భయపడి టర్బోకు ఒప్పేసుకుంటారు. ఇంటర్‌కూలర్‌లో, పైపుల్లో చేరిన ఆయిలు కాలిపోయేదాకా పొగ వస్తూనే ఉంటుంది. నాకు మూడు రోజులు పట్టింది. మదనపల్లె వెళ్తూ భాకరాపేట ఘాట్‌లో ఒకటి రెండుసార్లు పలచగా కనిపించింది, తిరిగొచ్చేటప్పుడు అసలు లేదు. మట్టం సరిచేసి, ఆ పాత ఆయిలు కాలిపోయేంత దూరం తిరిగాక కూడా నీలి పొగ వస్తుంటే అప్పుడు బయటి మెకానిక్ దగ్గరికి వెళ్లండి. చక్రం కదిపి చూసి చెప్పమనండి చాలు, ఏదీ మార్చొద్దనండి.

చిక్కటి ఆయిలు పోయించడం, పొగ తగ్గించే సీసాలు కలపడం వంటి సలహాలు పట్టించుకోకండి.

మట్టం దించకుండా, కొద్ది రోజులు చూద్దాంలే అని అలాగే తిప్పడం మాత్రం డీజిల్ బండికి మంచిది కాదు. లోపలికి వెళ్లే ఆయిలు మరీ ఎక్కువైతే ఇంజను దాన్నే ఇంధనంగా తాగి, కాలు తీసేసినా వేగం పెంచుకుంటూ పోతుంది. తాళం తిప్పినా ఆగదు. గేరు బండి అయితే బ్రేకు గట్టిగా తొక్కి పట్టి, పై గేరు వేసి క్లచ్ వదిలేయాలి, ఇంజను బలవంతంగా ఆగిపోతుంది. ఆటోమేటిక్‌కు ఆ వీలు లేదు. బండి పక్కకు ఆపి, అందరూ దిగి దూరంగా వెళ్లిపోవాలి.