వేలచ్చేరి పబ్లికేషన్ సెంటర్: ఎడిటింగ్‌కి వెళ్లొచ్చు, ‘గ్యారంటీ స్కోపస్’కి వద్దు

ఈ సెంటర్‌కి నా మార్కులు ఐదుకి ఒకటిన్నర. ఆ ఒకటిన్నర కూడా లోపలి గదిలో కూర్చుని ఇంగ్లీషు దిద్దే అమ్మాయికే. ముందు గదిలో ప్యాకేజీలు అమ్మే పెద్దమనిషికి సున్నా.

వేలచ్చేరి స్టేషన్ నుంచి నడిచి వెళ్లగలిగే దూరం. కింద జిరాక్స్ షాపు, పైన ‘రీసెర్చ్ సపోర్ట్, పేపర్ పబ్లికేషన్, థీసిస్ బైండింగ్’ అని బోర్డు. పేరు కావాలనే రాయట్లేదు, చెన్నైలో ఇలాంటివి బోలెడున్నాయి, ఒకదాని పేరు చెప్తే మిగతావన్నీ మంచివేమో అనుకుంటారు. నేను ఒక కాలేజీ లైబ్రరీలో పని చేస్తాను. మా తోడికోడలి తమ్ముడు నెల్లూరు నుంచి వచ్చి ఇక్కడ పీహెచ్‌డీ చేస్తున్నాడు, "అడ్వాన్స్ కట్టేముందు నువ్వొకసారి వచ్చి చూడక్కా" అంటే తోడు వెళ్లాను. నెల్లూరు, తిరుపతి, చిత్తూరు పిల్లలు ఎక్కువగా వస్తారు కాబట్టి కౌంటర్ దగ్గర తెలుగు మాట్లాడే మనిషినే పెట్టుకున్నారు. మర్యాదకి లోటు లేదు, ఏసీ ఉంది, మజ్జిగ ఇచ్చారు.

డబ్బు కడితే మన పేపర్‌ని ఏదో ఒక జర్నల్‌లో, అంటే పరిశోధన పత్రికలో వేయిస్తామనే ప్యాకేజీలు మూడు, లామినేట్ చేసిన కార్డు మీద. చిన్నది ‘యూజీసీ కేర్’, అంటే యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్ (యూజీసీ) పెట్టిన మంచి జర్నల్స్ లిస్టు, ఆరు వేలు. మధ్యది ‘స్కోపస్’, అంటే ఏరిన జర్నల్స్‌లోని పేపర్లని ఎక్కించుకునే డేటాబేస్, ముప్పై ఎనిమిది వేలు. పెద్దది ‘ఎస్‌సీఐ’, అంటే సైన్స్ సైటేషన్ ఇండెక్స్ అనే అలాంటిదే ఇంకోటి, దానికి రేటు వేయలేదు, డొమైన్‌ని బట్టి చెప్తారట. చిన్న ప్యాకేజీ దగ్గరే నాకు నవ్వొచ్చింది. కేర్ లిస్టుని యూజీసీయే 2025 ఫిబ్రవరిలో ఆపేసింది, ఏ జర్నల్ మంచిదో ఇకపై విద్యాసంస్థలే చూసుకోవాలని కొన్ని సూచనలిచ్చి తప్పుకుంది. అంటే లేని లిస్టులో చోటు అమ్ముతున్నారు. ఆ మాటే అంటే "పాత లిస్టు ప్రకారం మేడమ్, కాలేజీలు ఇంకా అడుగుతున్నాయి కదా" అన్నాడు. అందులో నిజం లేకపోలేదు, మన కాలేజీల్లో సర్క్యులర్ మారడానికి పట్టే టైమ్ మనకి తెలిసిందే. ఉన్న రోజుల్లో మాత్రం ఈ లిస్టుల పరిస్థితి గొప్పగా ఉందా అంటే, 2018 మేలో యూజీసీ అప్పటి తన ఆమోదిత జాబితాలోంచి 4,305 జర్నల్స్‌ని ఒక్కసారిగా పీకేసింది. అంతకుముందు రోజు దాకా అవన్నీ ఆమోదం ఉన్నవే!

ఆ కార్డు మీద ఉండని సంగతి ఇంకోటుంది. థీసిస్ ఇవ్వాలంటే ముందు పేపర్ పడి తీరాలన్న షరతుని యూజీసీ 2022 నిబంధనల్లో తీసేసింది. యూనివర్సిటీ సొంతంగా పెట్టుకుంటే అది వేరే, కాబట్టి డబ్బు సంగతి తర్వాత, ముందు మీ యూనివర్సిటీ రూల్ బుక్ తెరవండి. మావాడి యూనివర్సిటీలో ఆ రూలు ఇంకా ఉంది, ఒక స్కోపస్ పేపర్ కావాలి, గైడేమో తొందరపెడుతున్నాడు, వాడి టెన్షన్ మామూలుగా లేదు. ఇలాంటి సెంటర్లు బతికేది ఆ టెన్షన్ మీదే.

మధ్య ప్యాకేజీ గురించి అడిగితే ట్యాబ్‌లో ఒక జర్నల్ సైట్ చూపించాడు. మూడు వారాల్లో యాక్సెప్టెన్స్, "రివ్యూ సంగతి మేమే చూసుకుంటాం మేడమ్" అన్నాడు. నా వరకు బేరం అక్కడే అయిపోయింది. పీర్ రివ్యూ అంటే ఆ సబ్జెక్టు తెలిసిన, మనతో సంబంధం లేని మనుషులు పేపర్ చదివి తప్పులు పట్టడం. దానికి నెలలు పడుతుంది, రిజెక్ట్ కూడా అవుతుంది. ఫలితం ముందే తెలిసిపోయిందంటే ఎవరూ చదవట్లేదన్నమాట.

అయినా మావాడికి నమ్మకం కుదరాలి కదా అని అక్కడే కూర్చుని ఫోన్‌లో చూపించాను. స్కోపస్ సైట్‌లో సోర్సెస్ అని ఒక పేజీ ఉంటుంది, దానికి డబ్బు కట్టక్కర్లేదు, సంస్థ లాగిన్ అక్కర్లేదు. జర్నల్ పేరు కాకుండా దాని గుర్తింపు నంబర్, ఐఎస్‌ఎస్‌ఎన్ అంటారు, అది కొట్టి వెతకండి, ఒకేలాంటి పేర్లు చాలా ఉంటాయి. జర్నల్ దొరికింది, కానీ దాని కవరేజ్ ఎప్పుడో ఆగిపోయినట్టు అక్కడే రాసి ఉంది. అంటే ఒకప్పుడు స్కోపస్‌లో ఉండేది, ఇప్పుడు అందులో వేసే పేపర్ స్కోపస్‌కి ఎక్కదు. సైట్ మీద స్కోపస్ లోగో మాత్రం అరచేయంత ఉంది. కింద ‘ఇంపాక్ట్ ఫ్యాక్టర్ 7.2’ అని ఇంకోటి. ఒక జర్నల్ పేపర్లని మిగతావాళ్లు సగటున ఎన్నిసార్లు ఉదహరించారో చెప్పే కొలత అది. ఇంపాక్ట్ ఫ్యాక్టర్ అని అందరూ చెప్పుకునేది క్లారివేట్ కంపెనీ ఏటా ఇచ్చే జర్నల్ సైటేషన్ రిపోర్ట్స్‌లోది. స్కోపస్ వాళ్ల కొలత వేరు, దాన్ని సైట్‌స్కోర్ అంటారు. ఇవి రెండూ కాకుండా ముందు ఏదో ఒక పెద్ద మాట తగిలించుకున్న ఇంపాక్ట్ ఫ్యాక్టర్ కనిపిస్తే, అదెవరిచ్చారో, జర్నల్ దగ్గర ఎంత తీసుకుని ఇచ్చారో కనుక్కోండి.

"ఐఎస్‌ఎస్‌ఎన్ ఉంది కదా మేడమ్, గూగుల్ స్కాలర్‌లో వస్తుంది కదా" అన్నాడు. బండికి నంబర్ ప్లేట్ ఉన్నంత మాత్రాన బ్రేకులు పనిచేస్తున్నట్టు కాదు, ఐఎస్‌ఎస్‌ఎన్ కూడా అంతే. గూగుల్ స్కాలర్ అయితే నెట్‌లో పేపర్‌లా కనిపించిన దాన్నల్లా మెషీనే ఏరుకుంటుంది. తర్వాత పాత సంచికలు తెరిచాం. ఒకే సంచికలో కాంక్రీట్ బలం, మధుమేహం, బ్యాంకుల విలీనం, కర్ణాటక సంగీతం. ఆఫీస్ అడ్రస్ అమెరికాది, వాట్సాప్ నంబర్ ప్లస్ తొంభై ఒకటి. ఎడిటోరియల్ బోర్డులో ఉన్న ఒక ప్రొఫెసర్‌కి మావాడు ఆ రాత్రే ఆయన యూనివర్సిటీ పేజీలో ఉన్న ఈమెయిల్‌కి రాస్తే, నా పేరు తీసేయమని అడిగినా తీయట్లేదని జవాబొచ్చింది. ఈ పని ఎవరైనా చేయొచ్చు, మొహమాటపడకండి.

దీనికంటే ప్రమాదకరమైనది క్లోన్ జర్నల్. అసలు జర్నల్ పేరు, ఐఎస్‌ఎస్‌ఎన్ అన్నీ ఎత్తుకెళ్లి అచ్చం అలాంటి సైటే ఇంకోటి పెట్టి డబ్బులు వసూలు చేస్తారు. మీరు లిస్టులో చూస్తే జర్నల్ నిఖార్సుగా ఉంటుంది, పేపర్ పంపింది మాత్రం దొంగ సైట్‌కి. స్కోపస్‌లోకి కూడా ఇలాంటివి చొరబడ్డాయి, ఆ గొడవ బయటికొచ్చాక 2023 చివర్లో వాళ్లు జర్నల్ హోమ్‌పేజీల లింకులే తీసేశారు. కాబట్టి సెంటర్ వాళ్లు వాట్సాప్‌లో పంపిన లింకు నొక్కి సబ్మిట్ చేయొద్దు, పబ్లిషర్ సొంత సైట్ నుంచి జర్నల్‌కి వెళ్లండి, వెనక్కి తీసుకున్న పేపర్ల మీద కన్నేసి ఉంచే రిట్రాక్షన్ వాచ్ వాళ్లు ఇలా క్లోన్ అయిన వాటికి ఉంచిన జాబితా, హైజాక్డ్ జర్నల్ చెకర్‌లో పేరు ఉందేమో చూడండి.

ఇంత జరిగాక కూడా కౌంటర్ మనిషి వదల్లేదు. ముప్పై ఎనిమిది వేలు భారమైతే ఇంకో దారి ఉందన్నాడు: మీ పేపర్‌లో రెండో ఆథర్, నాలుగో ఆథర్ స్థానాలు మాకివ్వండి, ప్రమోషన్ కోసం చూస్తున్న లెక్చరర్లు ఉన్నారు, వాళ్ల దగ్గర మేం తీసుకుంటాం, మీకు సగానికి సగం తగ్గుతుంది. సిగ్గు, భయం ఏమీ లేకుండా, సినిమా హాల్లో సీటు చూపించినట్టు చెప్పాడు. నాకు ఒళ్లు మండింది. మావాడు మూడేళ్లు ల్యాబ్‌లో చేసిన పని మీద ముక్కూమొహం తెలియని ఇద్దరి పేర్లు! రేపు ఆ ఇద్దరిలో ఒకరు ఇంకో నకిలీ పేపర్‌లో దొరికితే వీడి పేరు కూడా పక్కనే ఉంటుంది, అది వేరే విషయం. పేపర్లనీ వాటి మీద పేర్లనీ అమ్ముకునే ఈ వ్యాపారాన్ని పేపర్ మిల్లు అంటారు, ప్రపంచమంతా ఉంది. పెద్ద బ్రాండ్ అయితే చాలు అనుకునేవాళ్లకి హిందావీ అనే జర్నల్స్ ప్రచురణ సంస్థ గుర్తుండాలి. వైలీ అంత పెద్ద సంస్థ దాన్ని 2021లో కొనుక్కుంటే, స్పెషల్ ఇష్యూల్లోంచి, అంటే ఒక్కో అంశం మీద విడిగా వేసే సంచికల్లోంచి, మిల్లు పేపర్లు దూరాయి, 2023 ఒక్క ఏడాదిలోనే ఎనిమిది వేలకు పైగా పేపర్లు వెనక్కి తీసుకోవాల్సొచ్చింది. మా సెంటర్ పెద్దమనిషి "స్పెషల్ ఇష్యూలో స్లాట్ ఉంది" అని ఎందుకు ఊరించాడో ఇప్పుడర్థమవుతుంది.

ఒక అపోహ మాత్రం చాలామందిలో ఉంది, మా స్టాఫ్ రూమ్‌లో కూడా: డబ్బు అడిగితే దొంగ, ఓపెన్ యాక్సెస్, అంటే చదివేవాళ్లకి ఉచితంగా దొరికే జర్నల్స్, అంతా ఇదే బాపతు అని. కాదండీ. నేచర్ జర్నల్‌లో ఓపెన్ యాక్సెస్‌గా వేయాలంటే 2021లో పెట్టిన రేటు 9,500 యూరోలు. ఖరీదు దారుణమే, నాకూ నచ్చదు, కానీ అక్కడ పేపర్‌ని నిజంగా చదువుతారు, చాలావాటిని తిప్పి పంపుతారు. ఇంకోవైపు డైరెక్టరీ ఆఫ్ ఓపెన్ యాక్సెస్ జర్నల్స్, అందరూ డీఓఏజే అంటారు, అందులో సగానికి పైగా జర్నల్స్ రచయిత దగ్గర పైసా తీసుకోవు, ఫీజు లేనివి మాత్రమే చూపించమని వడపోసుకోవచ్చు కూడా. మన పక్కనే బెంగళూరులో ఇండియన్ అకాడమీ ఆఫ్ సైన్సెస్ ఉంది, ఇంజినీరింగ్‌కి ‘సాధన’, ఫిజిక్స్‌కి ‘ప్రమాణ’ వాళ్లవే. కౌంటర్ మనిషి వీటి పేర్లు ఎత్తడు, అందులో కమీషన్ లేదు.

డీఓఏజే కూడా మొదటి నుంచీ ఇంత గట్టిగా లేదు. 2013లో సైన్స్ పత్రిక కోసం జాన్ బొహానన్ అనే ఆయన తప్పులతడకగా ఒక దొంగ పేపర్ తయారుచేసి 304 ఓపెన్ యాక్సెస్ జర్నల్స్‌కి పంపితే 157 చోట్ల ఒప్పుకున్నారు, వాటిలో డీఓఏజేలో ఉన్నవీ చాలానే. ఆ తర్వాత వాళ్లు రూల్స్ బిగించి అందర్నీ మళ్లీ అప్లై చేయమన్నారు, 2016లో మూడు వేలకు పైగా జర్నల్స్‌ని తొలగించారు. బీల్స్ లిస్ట్ అని దొంగ జర్నల్స్‌గా అనుమానించిన వాటి జాబితా ఒకటి ఇంకా వాట్సాప్‌లో తిరుగుతుంటుంది, కొలరాడోలో లైబ్రేరియన్‌గా ఉన్న జెఫ్రీ బీల్ దాన్ని 2017 జనవరిలోనే తీసేశాడు, ఇప్పుడు కనిపించేవి వేరేవాళ్లు నడిపే కాపీలు. అందులో పేరు లేదని ధైర్యపడొద్దు.

చివరగా రసీదు. అడ్వాన్స్‌కి క్యూఆర్ కోడ్ చూపిస్తే స్కాన్ చేశాం, ఎవరిదో వ్యక్తి పేరొచ్చింది, సెంటర్ పేరు కాదు. రిజెక్ట్ అయితే డబ్బు వెనక్కిస్తారా అంటే "రిజెక్ట్ అవ్వదు మేడమ్". మనసు మార్చుకుంటే? విత్‌డ్రాయల్ ఛార్జీ పదిహేను వేలు. ఉచ్చు సరిగ్గా ఇక్కడ ఉంది: పేపర్ వాళ్ల దగ్గర ఇరుక్కుంటే ఇంకో జర్నల్‌కి పంపలేరు, ఒకే పేపర్ రెండు చోట్ల ఉండకూడదు కాబట్టి. మన హైదరాబాద్ నుంచి నడిచిన ఒమిక్స్ అనే జర్నల్స్ ప్రచురణ సంస్థ మీద అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ వేసిన కేసులో కూడా ఇలాంటి ఆరోపణలే: ఫీజు సంగతి ముందు చెప్పకపోవడం, పీర్ రివ్యూ చేస్తున్నామని అబద్ధం, ఒప్పుకోని వాళ్ల పేర్లు ఎడిటర్లుగా వేయడం, వెనక్కి ఇవ్వమంటే ఇవ్వకపోవడం. 2019 మార్చిలో కోర్టు 50.1 మిలియన్ డాలర్లు కట్టమంది.

ఇక ఆ ఒకటిన్నర సంగతి. ప్యాకేజీ వద్దన్నాక, ఉత్తి లాంగ్వేజ్ ఎడిటింగ్ చేయించాం. ఆ అమ్మాయి మార్పులన్నీ ట్రాక్ చేంజెస్‌లో ఉంచింది, ఒక గ్రాఫ్‌కీ కింద రాసిన అంకెలకీ పొంతన లేదని పట్టుకుంది, రిఫరెన్సులు ఒకే పద్ధతిలో సర్దింది. పేజీకి నూట ఇరవై అడిగారు, కొంచెం బేరమాడితే వందకి వచ్చారు. పేపర్‌ని మావాడే గైడ్‌తో మాట్లాడి తన సబ్జెక్టులో ఒక సొసైటీ నడిపే జర్నల్‌కి పంపాడు, ఇప్పుడు మేజర్ రివిజన్, అంటే బాగా మార్చి మళ్లీ పంపమని జవాబు వచ్చింది, ఇద్దరు రివ్యూయర్లు కలిపి చాంతాడంత తప్పులు రాశారు, వాటికి జవాబులు రాసుకుంటున్నాడు. మీరు వెళ్తే తిన్నగా లోపలి గదికి వెళ్లండి. శనివారం సాయంత్రం వద్దు, బైండింగ్ జనం ఉంటారు. పేపర్ ఫైల్‌ని కౌంటర్ కంప్యూటర్‌లో కాపీ చేయనివ్వకండి, ఆ అమ్మాయికి మెయిల్ చేస్తే చాలు.