షార్పీ ఫైన్ మార్కర్: పరాయి దేశంలో అభిమాన బ్యాండు ఎదురుపడే అరనిమిషం కోసం

బరంపురం వాళ్లు విదేశం బయల్దేరితే పెట్టెలో అప్పడాలుంటాయి, ఆవకాయ ఉంటుంది, అక్కడివాళ్లకి ఇవ్వడానికి పట్టుచీర ఉంటుంది. పెన్ను ఉండదు. ఫారం నింపాల్సొస్తే పక్క సీటాయన్ని అడుగుతారు. సింగపూర్ ఎయిర్‌పోర్టులోనో, బ్యాంకాక్ హోటల్ లిఫ్టు దగ్గరో ఏళ్ల తరబడి వింటున్న బ్యాండు నడిచొస్తే ఆ పక్క సీటాయన ఉండడు. జేబులో పడేసుకుని తిరగడానికి ఏ పెన్ను మేలు, ఎక్కడ మోసం చేస్తుంది అన్నదే ఈ సమీక్ష.

షార్పీ 1964 నుంచి ఉన్న అమెరికా మార్కర్. అందులో ‘ఫైన్’ అని రాసి ఉన్నదే కొనాలి. దాని మొన సుమారు 1 మి.మీ. ‘అల్ట్రా ఫైన్’ సంతకానికి మరీ సన్నం. దూరం నుంచి చూస్తే గీతలా కూడా కనబడదు. పార్సిల్ అట్టపెట్టెల మీద అడ్రసు రాసే లావు మొన మార్కర్లు ఇంకో తంటా. కోల్డ్‌ప్లే బ్యాండులో నలుగురే కాబట్టి ఎలాగో సర్దుకోవచ్చు. బీటీఎస్ ఏడుగురు, ఆ లావు మొనతో మూడో సంతకానికే పేజీ నిండిపోతుంది.

షార్పీకి ఉన్న అసలు గుణం సిద్ధంగా ఉండడం. ఊపక్కర్లేదు, నొక్కక్కర్లేదు, మూత తీస్తే రాస్తుంది. ఆల్కహాలు ఇంకు కాబట్టి అట్ట కాగితం మీద రాసిన వెంటనే ఆరుతుంది. నున్నటి ఫొటో మీద మాత్రం కనీసం ఒక నిమిషం ఆగాలి. ఆ నిమిషంలోనే ఆత్రంగా సంచిలోకి తోసేసి సగం సంతకాన్ని అలికేసుకునేవాళ్లే ఎక్కువ.

రంగుల్లో నలుపు ఒకటి, వెండి రంగు ఒకటి చాలు. నల్ల అట్ట ఆల్బమ్ మీద నల్ల ఇంకు వర్షంలో కాకిలా కలిసిపోతుంది. తెల్ల రంగే కావాలంటే యూని పోస్కా అనే పెయింటు మార్కర్ ఉంది. నీటితో చేసిన పిగ్మెంట్ రంగు, అంటే కరగని పొడి రంగు అది. వాసన ఉండదు, ఎండకి షార్పీ అంత త్వరగా వెలవదు. కానీ రాసే ముందు బాగా ఊపి, చిత్తు కాగితం మీద మొనని నాలుగైదుసార్లు నొక్కి రంగు దించాలి. ఆ పని ఆర్టిస్టు ఎదురుగా మొదలుపెడితే మొదటి నొక్కుకే బొట్టు పడుతుంది, అదీ సరిగ్గా ఆల్బమ్ మీదే. బయల్దేరే ముందు రాత్రే దించి పెట్టుకోవాలి. పైగా నున్నటి ప్లాస్టిక్ మీద పోస్కా ఆరాక గోటితో గీకితే పెచ్చులా లేస్తుంది. అనుకోకుండా జరిగే కలయికకి మా ఓటు షార్పీకే.

విమానంలో ఒక జాగ్రత్త. పైకి వెళ్లేకొద్దీ కేబిన్‌లో గాలి ఒత్తిడి తగ్గుతుంది, పెన్ను లోపలున్న గాలి వ్యాకోచించి ఇంకుని మొనవైపు నెడుతుంది. అందుకని మొన పైకి ఉండేలా జేబులో నిలబెట్టండి. దిగాక మొదటిసారి మూత తీసేటప్పుడు కూడా మొన పైకే ఉంచి, టిష్యూతో ఒకసారి అద్దండి.

ఇక అసలు గొడవ పెన్నుతో కాదు, దేని మీద సంతకం పెట్టించుకుంటున్నాం అన్న దానితో. ఎయిర్‌పోర్టులో చేతికి ముందు దొరికేది బోర్డింగ్ పాసు. చాలాచోట్ల అది థర్మల్ కాగితం, అంటే వేడి తగిలితే నల్లబడే పూత ఉన్నది. ఆల్కహాలు తగిలినా ఆ పూత నల్లబడుతుంది. షార్పీతో రాసిన గీత చుట్టూ బూడిదరంగు మచ్చ పాకి, అక్షరాల అంచులు చెదిరిపోతాయి. ఆనక ఆ కాగితం మీదున్న అచ్చు కూడా వెలిసిపోతుంది. ఎవరు, ఎప్పుడు, ఏ విమానం అన్న ఆనవాలు కూడా మిగలదు. గోటితో గట్టిగా గీకి చూడండి, నల్ల గీత పడితే అది థర్మలే. వేరే దారి లేకపోతే దాని మీద బాల్‌పెన్ను వాడండి.

పాస్‌పోర్టు మాత్రం చచ్చినా తెరవకండి. అందులో ఎలాంటి మార్పూ చేయకూడదని దాని మీదే రాసి ఉంటుంది. ఒక గిటారిస్టు సంతకం కోసం తిరుగు ప్రయాణంలో కౌంటరు దగ్గర సంజాయిషీ ఇచ్చుకోవడం అవసరమా? కరెన్సీ నోటు కూడా వద్దు. మెత్తటి సిలికాన్ ఫోన్ కవరు మీద ఇంకు నిలవదు, రెండ్రోజుల్లో అరచేతికి అంటుకుపోతుంది. గట్టి పాలికార్బనేట్ కవరయితే కొంత నయం.

ఆల్బమ్ చేతిలో ఉంటే ముందు పైనున్న పల్చటి ప్లాస్టిక్ చుట్టు చింపేయండి. కొత్తది పాడవుతుందని అలాగే ఉంచేవాళ్లుంటారు. అప్పుడు సంతకం ఆ ప్లాస్టిక్ మీద పడుతుంది, ఆల్బమ్ మీద కాదు. సీడీ అయితే బొమ్మ ఉన్న వైపే రాయించాలి. పాట అద్దంలా మెరిసే కింది వైపు ఉందని, పై వైపు ఎంత గీకినా పరవాలేదని చాలామంది అనుకుంటారు. నిజానికి సమాచారం ఉన్న పొర బొమ్మ వైపు పల్చటి వార్నీషు కిందే ఉంటుంది. అందుకే గాఢమైన పెయింటు మార్కర్లు, మొన గట్టిపడిన పెన్నులు అక్కడ వద్దు. టీషర్టు మీదయితే గుడ్డ లోపల అట్ట పెట్టి బిగువుగా పట్టుకోవాలి, లేకపోతే మొన గుడ్డలో ఇరుక్కుని గీత వంకరపోతుంది.

అన్నిటికన్నా సుఖమైనది తెల్లటి మందపాటి కార్డు. 250 జీఎస్ఎం (చదరపు మీటరుకి 250 గ్రాముల బరువు) కార్డుని ఏ5 సైజులో, అంటే 148 × 210 మి.మీ.కి కోయించి నాలుగు ముక్కలు పాస్‌పోర్టు సంచిలో పెట్టుకోండి. కింద ఆనుకోవడానికి పట్టుచీర వచ్చిన అట్టపెట్టె మూతని అదే సైజుకి కోస్తే సరి. బరంపురంలో ఆ పెట్టె లేని ఇల్లు ఉండదు.

ఇచ్చే పద్ధతి కూడా చెప్పుకోవాలి. మూత మీరే తీసి, మొన మీవైపు తిప్పి, పెన్ను వెనక భాగం వాళ్ల చేతికి అందించాలి. మీ పేరు రాయమని అడగదలిస్తే నోటితో చెప్పకండి. వెంకటరమణమూర్తిని విని రాయగలిగే డ్రమ్మర్ ఏ దేశంలోనూ లేడు. ఇంగ్లీషు అక్షరాల్లో చిన్న చీటీ మీద రాసి కార్డు మూలకి అంటించి ఉంచండి. తింటున్నప్పుడు, పిల్లలు వెంట ఉన్నప్పుడు కదిలించకూడదు. మొదటివాళ్లని మధ్యలో కాకుండా పైమూలన పెట్టమంటే మిగిలినవాళ్లకి చోటుంటుంది.

ఇంటికొచ్చాక చాలామంది చేసే మొదటి పని జెరాక్స్ కొట్టుకి వెళ్లి లామినేషన్ చేయించడం. రేషను కార్డుకి చేసినట్టే దీనికీ. ఆ రోలరు వేడికి జిగురు కరిగి ఇంకులో కలుస్తుంది, గీతల అంచులు పాకొచ్చు. ఒకసారి అంటుకున్న ప్లాస్టిక్‌ని మళ్లీ విప్పే దారి లేదు. మెత్తటి పీవీసీ కవర్లు కూడా వద్దు. అందులో ప్లాస్టిక్‌ని మెత్తబరిచే పదార్థం మెల్లగా ఇంకుని తనవైపు లాగేసుకుంటుంది. కొన్నాళ్లకి కవరు తీస్తే సంతకం కవరుకే అచ్చుపడి ఉంటుంది. పాలీప్రొపిలీన్ కవరు అని అడిగి తీసుకోండి. వచ్చిన రోజే ఒకసారి స్కాన్ చేయించుకుంటే ఇంకా మంచిది.

షార్పీ తరహా మార్కర్లకి ఉన్న పెద్ద లోపం ఎండ. ఇంకు రంగు డై, అంటే ద్రవంలో కరిగిన రంగు కాబట్టి కిటికీ వెలుతురు రోజూ పడితే నలుపు ఊదాకి, ఊదా గోధుమ రంగుకి దిగుతుంది. ఫ్రేము కట్టించుకుంటే ఎండ పడని గోడకి తగిలించాలి. గోపాల్‌పూర్ సముద్రపు తేమ మన ఊరిదాకా వస్తుంది. అద్దానికి ఆనించి కట్టిన ఫొటో రెండు వర్షాకాలాలకి అద్దానికే అతుక్కుపోతుంది, పీకితే పొర ఊడుతుంది. ఫ్రేము కొట్టువాడు ఎంత తొందరపెట్టినా సరే, అద్దానికీ ఫొటోకీ మధ్య రెండు మూడు మిల్లీమీటర్ల మౌంటు అట్ట వేయించి, వెనక కాగితం టేపుతో నాలుగు అంచులూ మూయించి అప్పుడు డబ్బులివ్వండి.