మూడు మౌసులు, ఒక ఇరుకు బల్ల: గేమింగ్‌కి ఏది మేలు?

నా పాత మౌస్‌కి ముసలితనం వచ్చింది. కుడి బటన్ ఒకసారి నొక్కితే రెండుసార్లు నొక్కినట్టు లెక్క. ఫైళ్ళు తెరిచే పని వరకైతే సర్దుకుపోవచ్చు. వాలరెంట్ అనే షూటింగ్ గేమ్‌లో, దూరం నుంచి గురిపెట్టే ఆపరేటర్ గన్ పట్టుకుని స్కోప్ పెట్టినప్పుడల్లా మొదటి జూమ్ దాటేసి రెండో జూమ్‌కి పోతుంటే మాత్రం ఏడుపొక్కటే తక్కువ. బటన్ కింద చిన్న స్విచ్, దాంట్లో పల్చటి లోహపు రేకు ఉంటాయి. వాడగా వాడగా ఆ రేకు సరిగ్గా ఆనక తుళ్ళుతుంది, కంప్యూటర్ దాన్ని రెండు నొక్కుళ్ళు అనుకుంటుంది. కొత్తది కొనక తప్పలేదు.

నెల్లూరులో ఒక షాపుకి పోయి గేమింగ్ మౌస్ చూపించమంటే, ఆయన డబ్బా తిప్పి నంబర్ చూపించాడు. "పదహారు వేల డీపీఐ అన్నా, లైట్లు కూడా ఏడు రంగులు." చేత్తో పట్టుకుని చూస్తానంటే డబ్బా విప్పితే కొనాల్సిందేనన్నాడు. ఆయన్ని అనడానికీ లేదు, విప్పిన డబ్బా మళ్ళీ ఎవరు కొంటారు? పినాకిని రైలెక్కి చెన్నైలో కంప్యూటర్ సామాన్లు అమ్మే రిచీ స్ట్రీట్‌కి పోదామా అనుకున్నా గానీ, ఎలుకను పట్టడానికి అంత దూరమా అనిపించింది. చివరికి రెండు మౌసులు అప్పు తెచ్చుకున్నా. ఒంగోలు బావ దగ్గర రేజర్ డెత్‌ఆడర్ ఎసెన్షియల్, వేదాయపాళెం స్నేహితుడి దగ్గర లాజిటెక్ జీ304. మూడోది లాజిటెక్ జీ102, అదొక్కటే కొన్నా, నచ్చకపోతే తమ్ముడి కాలేజీ పనికి ఇచ్చేద్దామని. ఒక్కోటి పది రోజులు వాడా.

ముందు ఆ డీపీఐ సంగతి తేల్చేస్తా. మౌస్‌ని ఒక అంగుళం జరిపితే అది ఆ కదలికని ఎన్ని చిన్న చిన్న మెట్లుగా లెక్కపెట్టి కంప్యూటర్‌కి చెప్తుందో, అదే డీపీఐ. 8,000 పెట్టుకుంటే ఒక్క అంగుళం కదలికకు 1,920 పిక్సెళ్ళ స్క్రీన్‌ని బాణం నాలుగుసార్లు దాటేస్తుంది. దాంతో గురి ఎట్లా పెడతారు? షూటింగ్ గేములు ఆడేవాళ్ళు ఎక్కువమంది 400 నుంచి 1,600 మధ్యే ఉంటారు. నాది 800. జీ102 8,000 దాకా, డెత్‌ఆడర్ ఎసెన్షియల్ 6,400 దాకా, జీ304 12,000 దాకా పోతాయి. నా 800కి మూడూ ఒకటే. కాబట్టి ఆ నంబర్ చూసి ఒక్క రూపాయి కూడా ఎక్కువ పెట్టకండి.

మూడింటికీ అదే 800, గేమ్‌లో సెన్సిటివిటీ (మౌస్ కదిలితే గేమ్‌లో చూపు ఎంత తిరగాలో చెప్పే సెట్టింగు) 0.35 పెట్టా. విండోస్‌లో ఎన్‌హాన్స్ పాయింటర్ ప్రెసిషన్ అని ఒకటుంటుంది, అది ఆపేశా. అది ఆన్‌లో ఉంటే చెయ్యి వేగాన్ని బట్టి బాణం దూరం మారిపోతుంది, చేతికి అలవాటు కుదరదు.

ఇక్కడే నాకు అసలు సంగతి తెలిసింది. ఆ సెట్టింగులో గేమ్‌లో ఒక పూర్తి చుట్టు తిరగాలంటే మౌస్‌ని దాదాపు 47 సెంటీమీటర్లు జరపాలి. వెనక వచ్చినవాణ్ణి చూడ్డానికి సగం చుట్టు తిరిగినా 23 కావాలి. మా ఇంట్లో ఉన్నది పాతకాలపు కంప్యూటర్ టేబుల్, కీబోర్డు కోసం ముందుకు లాగే అర ఉన్నది. నంబర్ కీలున్న పెద్ద కీబోర్డు పెట్టాక ఆ అరలో మౌస్‌కి మిగిలింది కొలిస్తే 19 సెంటీమీటర్లు! ఇన్నాళ్ళూ వెనక నుంచి కాల్చినవాణ్ణి తిరిగి చూసేలోపే చచ్చిపోవడానికి కారణం మౌస్ కాదు, వడ్రంగి. కీబోర్డుని పై బల్ల మీదకు ఎక్కించి, కొంచెం ఏటవాలుగా తిప్పి, మానిటర్ వెనక్కి జరిపితే 40 దాకా జాగా వచ్చింది. పాత మౌస్‌తోనే ఆ రోజు బాగా ఆడా. మౌస్ కొనేముందు టేపు పెట్టి బల్ల కొలవండి.

సరే, మౌసులు. నా చెయ్యి మణికట్టు గీత నుంచి నడిమి వేలి కొన దాకా 18 సెంటీమీటర్లు. డెత్‌ఆడర్ పొడవు 127 మిల్లీమీటర్లు, బరువు 96 గ్రాములు, కుడిచేతి వంపుకు తగ్గట్టు ఒక పక్కకు వాలి ఉంటుంది. అరచెయ్యి మొత్తం దాని మీద పరిచేయొచ్చు, పామ్ గ్రిప్ అంటారు దాన్ని. రాత్రి పదకొండు దాటినా చెయ్యి నొప్పి లేదు. ఆ ఆకారం 2006లో మొదటి డెత్‌ఆడర్ నుంచి పెద్దగా మారలేదు, అంటే అది నచ్చేవాళ్ళు అంతమంది ఉన్నట్టే. నాకొచ్చిన ఇబ్బంది వేరు. నేను వేళ్ళు మడిచి, అరచెయ్యి వెనక భాగం మాత్రం ఆనించి పట్టుకుంటా, క్లా గ్రిప్. ఆ పట్టుకి ఈ పెద్ద వీపు అడ్డమైంది, పైకీ కిందకీ చిన్నగా జరపాలంటే వేళ్ళకు జాగా లేదు. బావ చెయ్యి 20 పైనే, ఆయన దాన్ని పట్టుకుంటే ఆయనకోసమే పోతపోసినట్టుంది. నా జీ102 చేతికిస్తే, "ఏంది బావా ఇది, జేబులో ఏసుకుని పోయేట్టుందే" అన్నాడు.

మిగతా రెండూ కొలతల్లో కవలలే. పొడవు 116.6, వెడల్పు 62, ఎత్తు 38 మిల్లీమీటర్లు, రెండింటికీ అవే. కళ్ళు మూసి ముట్టుకుంటే తేడా తెలిసేది బరువులోనే. వైరున్న జీ102 85 గ్రాములు, వైరు లేని జీ304 సెల్‌తో కలిపి 99. అంటే ఈ రెండింటి మధ్య పోటీ నిజానికి వైరుకీ సెల్లుకీ మధ్యనే.

వైర్‌లెస్ అంటే ఆలస్యం అనుకునేవాళ్ళు మా గ్యాంగులో ఇంకా ఉన్నారు. ఆఫీసుల్లో వాడే మామూలు మౌస్ సెకనుకు 125 సార్లు కబురు పంపుతుంది, ఈ మూడూ 1,000 సార్లు పంపుతాయి. జీ304 కూడా అంతే. మొదటి రోజు నాకు అక్కడక్కడ బాణం తడబడింది, తప్పు నాదే. మౌస్ సిగ్నల్ అందుకునే చిన్న ముక్క, రిసీవర్‌ని, సీపీయూ వెనక నీలం యూఎస్‌బీ పోర్టులో పెట్టా. ఆ యూఎస్‌బీ 3.0 పోర్టుల నుంచి వచ్చే రేడియో రొద 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర తగులుతుంది, రిసీవర్ పనిచేసేది కూడా అక్కడే. ఎక్స్‌టెన్షన్ వైరు పెట్టి మౌస్ ప్యాడ్ పక్కకు తెస్తే తడబాటు పోయింది.

సెల్ విషయం ఇంకొంచెం చెప్పాలి. ఒక ఏఏ సెల్‌తో 250 గంటలని కంపెనీ మాట. రోజుకు మూడు గంటలు ఆడితే ఎనభై రోజుల పైమాట. మామూలు ఆల్కలైన్ సెల్ బరువు 23 గ్రాములు, లిథియం సెల్ 15. ఆ ఎనిమిది గ్రాముల తేడా చేతికి తెలుస్తుంది, ఎందుకంటే సెల్ కూర్చునేది అరచేతి కింద, వెనక వైపు. మౌస్ ఎత్తి పెట్టేటప్పుడు తోక బరువుగా ఉన్నట్టు ఉంటుంది. స్నేహితుడు ఇచ్చింది సగం అయిపోయిన సెల్. ఒక రాత్రి మ్యాచ్ మధ్యలో ఆరిపోతే, హాల్లోకి పరిగెత్తి గోడ గడియారం సెల్ పీకి పెట్టా. మ్యాచ్ గెలిచాం. పొద్దున అమ్మ ఆ గడియారం చూసి, ఇంకా పదకొండున్నరే అనుకుని తికమకపడి, పాల ప్యాకెట్ అబ్బాయి వచ్చాక నన్ను లేపి అడిగింది.

వైరుకి నా పాత ఫిర్యాదు ఒకటే, కీబోర్డు అర మూసినప్పుడల్లా దాంట్లో పడి నలుగుతుంది. పై బల్లకు ఎక్కాక ఆ బాధ లేదు. బల్ల అంచు మీద ఈడ్చుకోకుండా మానిటర్ స్టాండుకి ఒక బట్టల క్లిప్పు పెట్టి, వైరుని కొంచెం వదులుగా దాంట్లోంచి తీశా. దీనికోసమే బంజీ అని ఒకటి అమ్ముతారు. క్లిప్పు చాలు.

ఇంకొకటి, చెమట. మే నెలలో నెల్లూరులో ఏసీ లేని గదిలో ఆడేవాడికే ఇది తెలుస్తుంది. ఫ్యాను గాలి చేతి కిందకు దూరదు. అరచెయ్యి అంతా ఆనించే పట్టులో డెత్‌ఆడర్ అరగంటకే తడిసేది. క్లా గ్రిప్‌లో మధ్యలో గాలి ఆడుతుంది, అందుకే చిన్న మౌసులు ఆ ఎండల్లో కొంచెం నయం. పక్కలకు షటిల్ బ్యాట్ గ్రిప్ ముక్క కత్తిరించి అంటించా, వేళ్ళు జారలేదు. గుడ్డ ప్యాడ్ కూడా చెమట పీల్చి మౌస్‌ని పట్టేస్తుంది. పది రోజులకొకసారి సబ్బునీళ్ళతో కడిగి నీడన ఆరేయాలి.

మొదటి రోజు ఏ మౌసైనా బాగుందనిపిస్తుంది, మూడో రోజు అదే దరిద్రంగా ఉంటుంది. పాత అలవాటు కొత్త ఆకారంతో కొట్లాడుతుంటుంది. వారం దాటాక వచ్చే అభిప్రాయమే లెక్క. ఆ లెక్కన చెయ్యి 19 సెంటీమీటర్లు దాటి, అరచెయ్యి ఆనించేవాళ్ళకు డెత్‌ఆడర్. ల్యాప్‌టాప్‌తో హాస్టల్‌కీ ఇంటికీ తిరిగేవాళ్ళకు, వైరుకి జాగా లేనివాళ్ళకు జీ304. ఎడమచేతి వాళ్ళకు ఒక మాట, ఈ కవలల ఆకారం రెండు చేతులకూ సరిపోతుంది గానీ పక్క బటన్లు ఎడమ వైపే ఉంటాయి, బొటనవేలికి అందవు.

నేను జీ102నే ఉంచుకున్నా. నేను చూసిన రోజు అది రెండు వేల లోపు, జీ304 మూడు వేలకు అటూ ఇటూ. మిగిలిన డబ్బుతో బల్ల నిండా పరిచే పెద్ద ప్యాడ్ తెచ్చా. తమ్ముడు మాత్రం మౌస్ ఎప్పుడిస్తావని ఇంకా అడుగుతున్నాడు.