కత్తిపోటు తగిలిన ఇంటికి అండ: ఆసుపత్రి దగ్గరా, గడప దగ్గరా? ఏది మేలు?

బెంగళూరు వీధి గొడవల్లో తుపాకీ కంటే కత్తే ఎక్కువ కనిపిస్తుంది. ఇంట్లోవాళ్లకు మాత్రం ఏ ఆయుధమైనా గాయం ఒకటే. కృష్ణరాజపురం వైపు తెలుగు కుటుంబాలకు తోడు నిలవాలనుకునే బృందానికి తుపాకీ హింసతో నలిగిన అమెరికా ఊళ్లు రెండు దారులు చూపిస్తున్నాయి.

ఓక్లండ్‌లో యూత్ అలైవ్ సంస్థ 1994లో ఆసుపత్రి దారి పట్టింది. ఆ వీధుల సంగతి తెలిసిన అన్నలాంటివాడు గాయపడిన కుర్రాడి మంచం దగ్గరికి వెళ్తాడు. "ఎవడు కొట్టాడు?" అనడు. "ఇంటికెళ్తే భయం లేదా? నీ దోస్తులు పగతో బయల్దేరుతున్నారా?" అని అడుగుతాడు. వార్డు బయట స్నేహితులు రగిలిపోయే ఆ ఒకటి రెండు రోజుల్లో ఈ మాటకున్న బలం తర్వాత ఉండదు. అయితే ఆసుపత్రి ఒప్పుకోవాలి, పైగా డిశ్చార్జితోనే బంధం తెగిపోయే ప్రమాదముంది.

బోస్టన్‌లో కొడుకును కాల్పుల్లో పోగొట్టుకున్న తల్లి 1994లో లూయిస్ డి. బ్రౌన్ పీస్ ఇన్‌స్టిట్యూట్ పెట్టారు. అక్కడిది గడప దారి, అండ ఇంటి దగ్గర కుటుంబానికే. మన దగ్గర ఇది ఒక ఫైలుతో మొదలవ్వాలి: ఎఫ్‌ఐఆర్ నకలు, డిశ్చార్జి సమ్మరీ, బిల్లులు, ఆధార్, పాస్‌బుక్. ఎఫ్‌ఐఆర్ కన్నడంలో ఉంటుంది కాబట్టి తల్లి పక్కన కూర్చుని తెలుగులో చదివి చెప్పాలి. నిందితుడు ఎవరో తేలకపోయినా బీఎన్‌ఎస్‌ఎస్ (భారతీయ నాగరిక్ సురక్షా సంహిత) 396వ సెక్షన్ కింద పరిహారానికి జిల్లా న్యాయసేవల ప్రాధికార సంస్థలో దరఖాస్తు పెట్టొచ్చు. విచారణ 2 నెలల్లో ముగించాలని చట్టమే చెబుతోంది. ఉచిత న్యాయ సాయానికి నంబరు 15100.

ఎక్కువగా తప్పు జరిగేది దెబ్బతిన్నవాడి తమ్ముడి విషయంలో. పలకరించడానికి వచ్చినవాళ్లంతా తల్లి చుట్టూ చేరతారు. ఆ తమ్ముడు గొడవ జరిగిన బస్‌స్టాప్ తప్పించి చుట్టూ తిరిగి వెళ్తుంటాడు, కుక్కర్ విజిల్‌కు ఉలిక్కిపడతాడు. ఏం జరిగిందో మళ్లీ మళ్లీ చెప్పించకండి. ఒక్కసారి కూర్చోబెట్టి అంతా కక్కించే పద్ధతి వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థే చెప్పింది. నెల దాటినా నిద్ర కుదరకపోతే బెంగళూరులోని మానసిక వైద్యశాల నిమ్హాన్స్‌కు తీసుకెళ్లండి, లేదా ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్‌కు (14416) ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడండి.

గాయమైతే ఆసుపత్రి, ప్రాణం పోతే గడప. బృందంలో నలుగురే ఉంటే మాత్రం గడపే పట్టుకోండి. పెద్దకర్మ అయ్యాక ఆ ఇంటికి మనుషులు రావడం తగ్గిపోతుంది, కేసు ఏళ్ల తరబడి సాగుతుంది. వాయిదా రోజున కోర్టు వరండాలో నిందితుడి మనుషుల ఎదుటే ఆ తల్లి నిలబడాలి. ఆ పొద్దున ఒకరు ఆమెతో బస్సెక్కాలి.