కండక్టర్ లేని నలుగురం
పదేళ్లుగా అటక మీద పడున్న వయొలిన్ దింపి, వారానికోసారి జరిగే ఈ కమ్యూనిటీ చాంబర్ మ్యూజిక్ (కొద్దిమందే కలిసి వాయించే పాశ్చాత్య సంగీతం) క్లాసులో చేరి మూడు నెలలైంది. రెండు వయొలిన్లు, ఒక వయోలా (వయొలిన్ కన్నా కాస్త పెద్దది), ఒక చెల్లో (ఇంకా పెద్దది), అంతే, ముందు నిలబడి చేతులతో నడిపించే కండక్టర్ ఉండడు కాబట్టి మొదటి వయొలిన్ ఆవిడ విల్లు ఎత్తుతూ గట్టిగా గాలి పీలిస్తే అదే మనకు సైగ. ఆర్కెస్ట్రాలో అయితే పక్కవాళ్ల చాటున నెట్టుకొచ్చేయొచ్చు, ఇక్కడ నా పార్ట్ నేను తప్ప ఇంకెవరూ వాయించరు, మొదటిరోజు టెన్షన్‌తో చేతులు వణికాయి. పద్దెనిమిదో శతాబ్దపు ఆస్ట్రియా స్వరకర్త హైడన్ ఒక్కడే ఇలా నలుగురు వాయించే క్వార్టెట్లు 68 రాశాడు, సరుక్కి కొదవలేదు. విసుగల్లా ఒకటే, ఎవరి లెవెల్ ఏంటో చూడకుండా గ్రూపులు వేసేస్తారు (కుర్చీల కిర్రుచప్పుడు సరేసరి). కానీ మొన్న ఒక స్లో మూవ్‌మెంట్ (రచనలో నెమ్మదిగా సాగే భాగం) చివర నలుగురం ఒకేసారి విల్లు ఆపి, కాసేపు ఎవరం కదల్లేదు. వచ్చే టర్మ్‌కీ ఫీజు కట్టేశాను.