రూబీ క్లాస్ లెవెల్ వేరియబుల్స్: సరుకు మంచిదే, ఆ నిల్ ఒక్కటే తలనొప్పి

రూబీ ప్రోగ్రామింగ్ భాషలో క్లాస్ మొత్తానికి ఒక సెట్టింగ్ దాచుకోవాలంటే చాలామంది ఆలోచించకుండా @@ (క్లాస్ వేరియబుల్) పెట్టేస్తారు. నా ఓటు మాత్రం ఒక్క @ కే (ఇన్‌స్టాన్స్ వేరియబుల్). @@ అంటే పేరెంట్‌కీ కింద ఉన్న సబ్‌క్లాసులన్నిటికీ కలిపి ఒకటే వేరియబుల్, వాటిలో ఏ ఒక్కటి వేలు పెట్టినా అందరి విలువా మారిపోతుంది. క్లాస్ బాడీలో మామూలు @ రాస్తే ఆ గొడవ లేదు. రూబీలో క్లాస్ కూడా ఒక ఆబ్జెక్టే, అక్కడ సెల్ఫ్ (ప్రస్తుత ఆబ్జెక్ట్) అంటే ఆ క్లాసే, కాబట్టి ఆ వేరియబుల్ దాని సొంతం.

రిపోర్ట్ అనే క్లాస్ బాడీలో @పరిమితి = 10 అని రాశారనుకోండి (ఇలా తెలుగు పేరు పెట్టినా రూబీ ఒప్పుకుంటుంది, క్లాస్ పేరుకి మాత్రం కుదరదు, దానికి క్యాపిటల్ లెటర్ కావాలి). సెల్ఫ్ మీద రాసిన మెథడ్‌లో (అంటే క్లాస్ మెథడ్‌లో) అడిగితే 10 వస్తుంది. ఇన్‌స్టాన్స్ మెథడ్‌లో అడిగితే నిల్ (అంటే విలువేమీ లేదని). సబ్‌క్లాస్‌ని అడిగితే ఇంకా తమాషా: సింగిల్టన్ క్లాసులకి (క్లాస్ మెథడ్లు ఉండే, పైకి కనబడని క్లాసులు) కూడా ఇన్‌హెరిటెన్స్ ఉంది కాబట్టి మెథడ్ చక్కగా దొరుకుతుంది, విలువ మాత్రం రాదు, మళ్ళీ నిల్లే. నాకు నచ్చనిది ఇదే. విలువ పెట్టని @@ ని చదివితే కనీసం నేమ్ ఎర్రర్ అని అరుస్తుంది, @ మాత్రం కిక్కురుమనదు. ఇంతకుముందు వార్నింగ్ మోడ్‌లోనైనా ఒక మాట చెప్పేది, రూబీ 3.0 నుంచి అదీ తీసేశారు. స్పెల్లింగ్ తప్పు కొట్టారంటే వెతుక్కోవడం మీ వంతు.

ఇక క్లాస్ << సెల్ఫ్ బ్లాక్, అంటే క్లాస్ మెథడ్లన్నీ ఒకచోట రాసుకునే చోటు. అందులో అట్రిబ్యూట్ యాక్సెసర్లు (విలువని చదివే, మార్చే మెథడ్లు) పెట్టుకోవచ్చు, ప్రైవేట్ కూడా సరిగ్గా పనిచేస్తుంది (బయట ప్రైవేట్ అని రాసి కింద సెల్ఫ్ మెథడ్ పెడితే అది పబ్లిక్‌గానే ఉండిపోతుంది, చాలా కోడ్‌లో ఇది చూస్తాం). కానీ ఆ బ్లాక్‌లో మెథడ్ బయట నేరుగా @పరిమితి = 10 రాస్తే అది క్లాస్‌కి కాదు, సింగిల్టన్ క్లాస్‌కి పోతుంది, ఆ పక్కనే ఉన్న మెథడ్‌కి కూడా కనబడదు. అదే చోట @@ రాస్తే సింగిల్టన్‌ని దాటేసి బయటి క్లాస్‌కే వెళ్తుంది! బయటి కాన్‌స్టంట్లు లోపల కనిపిస్తాయి, లోకల్ వేరియబుల్స్ కనిపించవు. ఒకే బ్లాక్‌లో ఇన్ని రూల్సా అనిపిస్తే తప్పు లేదు. బ్లాక్ పొడుగైతే కింద ఉన్న మెథడ్ క్లాస్‌దో ఇన్‌స్టాన్స్‌దో తెలియక పైకి స్క్రోల్ చేస్తూ కూర్చోవాలి, అందుకే నేను యాక్సెసర్లకీ ప్రైవేట్‌కీ తప్ప దాన్ని వాడను.

మొత్తానికి క్లాస్ లెవెల్ @ కి నా మార్కులు 5కి 4. సబ్‌క్లాస్‌కి విలువ కావాలంటే ఇన్‌హెరిటెడ్ హుక్‌లో (సబ్‌క్లాస్ తయారైనప్పుడు రూబీ పిలిచే మెథడ్) సూపర్ పిలిచి కాపీ చేయండి, రెయిల్స్ (రూబీ వెబ్ ఫ్రేమ్‌వర్క్) ఉంటే క్లాస్ అట్రిబ్యూట్ రెడీగా ఉంది. రెండిట్లోనూ విలువ అర్రే అయితే డూప్ చేసి (వేరే కాపీ తీసి) ఇవ్వండి, లేదంటే సబ్‌క్లాస్ అందులోకి ఒకటి తోసినా పేరెంట్ అర్రే కూడా మారుతుంది, @@ తో వచ్చిన గొడవే మళ్ళీ మొదటికొస్తుంది.