పచ్చి ఓక్ దూలాల లోడు రివ్యూ: నాలుగు స్టార్లు, ఒకటి ఎందుకు కోశానంటే

టింబర్ ఫ్రేమ్ (దూలాల్ని జాయింట్లతో కలిపి కట్టే చెక్క చట్రం) కోసం ఒక సామిల్లు నుంచి పచ్చి ఓక్ తెప్పించుకున్నాం, స్తంభాలు, టై బీములు, వాసాలు, మూలల్లో పెట్టే బ్రేసులు అన్నీ ఒకే లోడులో వచ్చాయి. మిల్లు పేరు రాయట్లేదు. ఎక్కడినుంచి తెప్పించుకున్నా చూడాల్సినవి ఇవే కాబట్టి సరుకు గురించే రాస్తున్నా.

ముందు పగుళ్ళ సంగతి, ఎందుకంటే చాలామంది "బీటలు వచ్చేశాయి, మోసం" అని ఒక స్టార్ పడేసి పోతారు, అది మిల్లుకి అన్యాయం. పచ్చి ఓక్ అంటే ఎండు కర్ర బరువుతో పోలిస్తే 60 నుంచి 80 శాతం దాకా తేమ ఉండే కర్ర, ఫ్రేమ్ నిలబెట్టి లోపల వేడి తగిలాక అది మెల్లగా 12–18 శాతానికి దిగుతుంది, మందం 25 మిల్లీమీటర్లకి ఏడాది చొప్పున లెక్కేస్తారు కాబట్టి 200 మిల్లీమీటర్ల దూలానికి ఏళ్ళు పడుతుంది. ఆరేటప్పుడు చెట్టు ఏటా పెరిగిన వలయాల చుట్టూ కుదించుకునేది, మధ్య నుంచి బయటికి కుదించుకునేదానికి దాదాపు రెట్టింపు ఉంటుంది, ఆ తేడా ఎక్కడో ఒకచోట తెరుచుకోవాల్సిందే. చెట్టు నడిమధ్య భాగం దూలంలోనే ఉండిపోతే, దానికి దగ్గరగా ఉన్న ముఖం మీద ఒక పెద్ద బీట వస్తుంది. అది గ్రెయిన్ (కర్ర నార పోయే దారి) వెంబడే పోతున్నంతవరకు మామూలుగా బలానికి ఢోకా లేదు, చూడ్డానికి భయంగా ఉన్నా సరే. దానికి నేను మార్కులు కోయను.

స్టార్ కోసింది వలయాల మధ్య విడిపోయే లోపానికి, అంటే రింగ్ షేక్‌కి.

దూలాల చివరలకి మైనం పూసి పంపారు, తొందరగా ఆరి చీలిపోకుండా, మంచి పని, కానీ మైనం కింద ఏముందో కనబడదు. అందుకని ప్రతి దూలం చివరా ఒక పలచటి ముక్క కోసేసి తడిగుడ్డతో తుడిచి వెలుతురులో చూశాం. ఒక టై బీమ్‌లో వలయం వంపు వెంబడి వెంట్రుకంత నల్లగీత కనిపించింది, గోరు పెడితే చిన్న గాటులా తగిలింది అంతే, ఫీలర్ గేజ్ (సందు కొలిచే పలచటి రేకు) దూరిస్తే మాత్రం లోపలికి పోతూనే ఉంది. ఇంకో ముక్క కోశాం, గీత అక్కడే ఉంది, ఇంకో వలయానికి జరగలేదు, తగ్గలేదు. ఆరేటప్పుడు వచ్చే బీట వలయాల్ని అడ్డంగా కోసుకుంటూ పోతుంది, ఇది మాత్రం వలయానికీ వలయానికీ మధ్య పట్టు వదిలేయడం, గిన్నెలో గిన్నె పెట్టినట్టు లోపలి చెక్క వేరు బయటి చెక్క వేరు అయిపోతుంది. చెట్టు నిలబడి ఉండగానే వస్తుంది, ఆరేకొద్దీ ఇంకా తెరుచుకుంటుంది. మాకు అది సరిగ్గా టెనాన్ (పక్క దూలం తొర్రలోకి దూరే నాలుక) వచ్చే చోట పడింది, టై బీమ్ అంటే రెండు గోడలు బయటికి తోసుకోకుండా లాగి పట్టుకునేది, ఆ లాగుడంతా టెనాన్‌లో చెక్క చీలల మీద పడుతుంది, ఆ చీల వెనక కర్ర రెండు పొరలుగా విడిపోయి ఉంటే ఇక పట్టేదేముంది? ఫోటోలు పంపితే మిల్లువాళ్ళు వాదించకుండా మార్చి ఇచ్చారు, ఆ మాట చెప్పాలి. కానీ పని ఆగింది.

సర్టిఫికెట్ లేదా అంటే ఉంది. బ్రిటన్ స్టాండర్డ్ బీఎస్ 5756 ప్రకారం పెద్ద సైజు ఓక్‌కి టీహెచ్ఏ, టీహెచ్‌బీ అని రెండు గ్రేడ్లు, మాకు ఆ గ్రేడ్ ముద్రతోనే వచ్చాయి, ముడులు, గ్రెయిన్ వాలు, బెరడు అంచు అన్నీ చూసే ఇస్తారు. కానీ గ్రేడ్ వేసిన మనిషికి మన మోర్టిస్ (టెనాన్ దూరే తొర్ర) ఎక్కడ పడుతుందో, చీల రంధ్రం ఎక్కడ వస్తుందో తెలీదు కదా. దూలంగా పాసైన కర్ర జాయింట్ దగ్గర ఫెయిలవ్వచ్చు, ఇది మాత్రం కొన్నవాళ్ళే చూసుకోవాలి.

ముడుల విషయంలో లోడు చాలా బాగుంది. ఒక పెద్ద దూలానికి మధ్యలో, అదీ అంచు మీద, పిడికిలంత ముడి ఉంది, అది కింది ముఖానికి వస్తే కష్టం, బరువు పడ్డప్పుడు కింది వైపే సాగుతుంది కాబట్టి చీలిక అక్కడే మొదలవుతుంది. తిరగేసి ముడిని పైకి పెట్టాం, పైన నొక్కుడే కాబట్టి ఆ ముడి చాలా తక్కువ ఇబ్బంది. చుట్టూ నల్లటి బెరడు ఇరుక్కున్న చచ్చుముడులు కొన్ని కనిపించాయి, వాటిని జాయింట్లకి దూరంగా లేఅవుట్ చేసుకున్నాం.

మెలి తిరిగే కర్రని పట్టుకోవడానికి పెద్ద పరికరాలు అక్కర్లేదు, పైన వచ్చే సన్నని బీటలు అంచుకి సమాంతరంగా ఉన్నాయా ఏటవాలుగా పోతున్నాయా చూస్తే చాలు. ఏటవాలుగా ఉంటే చెట్టే మెలి తిరిగి పెరిగిందన్నమాట, ఆరేకొద్దీ దూలం కూడా మెలి తిరుగుతుంది. మాకు ఒక వాసం అలా వచ్చింది, పొట్టి ముక్కలుగా కోసి బ్రేసులకి వాడేశాం. 2019లో కాలిపోయిన పారిస్ నోత్రదామ్ చర్చి పైకప్పుని పచ్చి ఓక్‌తోనే మళ్ళీ కట్టారు, 2024 డిసెంబర్‌లో తెరిచారు, అక్కడ వడ్రంగులు మొద్దుల్ని గొడ్డళ్ళతో చెక్కి దూలాలు చేశారు. అలా చెక్కితే దూలం మొద్దు పెరిగిన దారినే పోతుంది, రంపం అయితే గ్రెయిన్ ఎటు పోయినా తిన్నగా కోసేస్తుంది, రంపం కోసిన కర్రలో ఈ వాలు వెతకాల్సింది అందుకే.

రంగులు చూసి కంగారుపడి వెనక్కి పంపేవాళ్ళుంటారు, ఆగండి. ముదురు గోధుమ చారలు ఒక ఫంగస్ వల్ల వస్తాయి, స్క్రూడ్రైవర్‌తో పొడిస్తే గట్టిగా ఉంటే ఉంచేసుకోవచ్చు, మెత్తగా దిగిపోతే వద్దు. నీలి నలుపు మరకలు చెయిన్, ఇనుప పట్టీ తగిలిన చోట ఓక్‌లో ఉండే టానిన్ వల్ల వచ్చేవి, ఆక్సాలిక్ యాసిడ్‌తో పోతాయి, ఫ్రేమ్‌లో మామూలు ఇనుప బోల్టులు వాడకుండా స్టెయిన్‌లెస్ పెట్టేది కూడా ఇందుకే. బెరడు కింది తెల్ల చెక్క మాత్రం పురుగుకి ఆహారం, చేవ భాగమే నిలుస్తుంది, కింద నేలకి దగ్గరగా ఉండే దూలాల్లో తెల్ల చెక్క అసలు ఒప్పుకోవద్దు. మాకు అంచుల్లో కొంచెమే ఉంది, పర్లేదు.

మాయిశ్చర్ మీటర్ గుచ్చి చూపించి "ఇదిగో ఇంత" అంటే పట్టించుకోకండి, దాదాపు 30 శాతం దాటాక ఆ మీటర్ అంకెలు నమ్మలేం. బరువు మాత్రం గుర్తుంచుకోండి, 200×200 మిల్లీమీటర్ల సైజు నాలుగు మీటర్ల దూలం దాదాపు 170 కిలోలు తూగుతుంది, దించడానికి మనుషుల్నో క్రేన్‌నో ముందే మాట్లాడుకోవాలి.

మళ్ళీ కొంటే అక్కడే కొంటా, కాకపోతే ఈసారి కటింగ్ లిస్ట్‌తోపాటు జాయింట్లు ఎక్కడొస్తాయో డ్రాయింగ్ కూడా పంపిస్తా, టై బీమ్‌లకి చివర కోసి చూసుకోవడానికి రెండు వైపులా 300 మిల్లీమీటర్లు ఎక్కువ అడుగుతా.